తొడ బిగుసుకోదు, పాత నొప్పి వదలదు: తప్పు కండదేనా?

సమస్య: మోకాలి ఆపరేషన్ అయింది. లేదా సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచొచ్చాక మోకాలు వాచింది. తొడ బిగించమంటే బిగుసుకోదు.

కారణం: బలానికి టానిక్ రాయమని చాలామంది అడుగుతారు. ఇక్కడ లోటు బలానిది కాదు. కీలులో నీరు చేరగానే అక్కడి నరాలు వెన్నుపాముకు ఆ కబురు పంపుతాయి. వెన్నుపాము తొడ ముందు కండకు వెళ్లే ఆజ్ఞను తగ్గించేస్తుంది. నొప్పి లేకపోయినా వాపు ఒక్కటే ఇందుకు చాలు.

పరిష్కారం: అందుకే ముందు వాపు తగ్గించాలి. కాలు దిండు మీద ఎత్తి పెట్టి, గుడ్డలో చుట్టిన ఐస్ 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. తర్వాత మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ 5 సెకన్లు బిగించి వదలండి. ఇలా 10 సార్లు. తొడ మీద చెయ్యి వేసి ఉంచితే బిగువు మీకే తెలుస్తుంది. అప్పటికీ కదలిక లేకపోతే ఫిజియో (ఫిజియోథెరపిస్టు) చిన్నపాటి కరెంటు పెట్టి కండను పని చేయిస్తారు. తొడ పట్టు వచ్చేదాకా కైలాసగిరి మెట్ల జోలికి వెళ్లొద్దు. పిక్క వాచి నొప్పి పెడుతున్నా, మోకాలు ఎర్రబడి జ్వరం వచ్చినా వ్యాయామం ఆపి అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

సమస్య: నడుం నొప్పి మొదలై ఆరు నెలలు. స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదన్నారు.

కారణం: నొప్పి నిజమైనదే, మీ ఊహ కాదు. ఒకసారి దొంగలు పడిన ఇంట్లో పిల్లి కదిలినా అందరూ లేచి కూర్చుంటారు. నరాలూ అలాగే చిన్న కదలికకు కూడా ఉలిక్కిపడడం అలవాటు చేసుకుంటాయి. నిద్ర చాలకపోయినా, టెన్షన్ ఎక్కువైనా ఇది ముదురుతుంది. రుద్దితే హాయిగా ఉంటుంది, ఎందుకంటే స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయి. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ఈ మాట ప్రతిపాదించారు. కానీ ఆ హాయి కాసేపే.

పరిష్కారం: మంచం పట్టకండి. ఆర్కే బీచ్‌లో 10 నిమిషాల నడక దాటితే నొప్పి లేస్తోందా? 8 నిమిషాలతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకొక నిమిషం పెంచండి. బాగున్న రోజున ఉత్సాహంతో గంట నడవొద్దు. చాలామంది దెబ్బతినేది అక్కడే. మర్నాటి ఉదయానికి నొప్పి మామూలు స్థాయికి దిగితే మోతాదు సరిపోయినట్టే.

సమస్య: పిరుదు నుంచి పాదం దాకా లాగుతూ తిమ్మిరి.

కారణం, పరిష్కారం: వెన్ను దగ్గర నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. కాలిని గట్టిగా సాగదీయకండి, ముందు పరీక్ష చేయించుకోండి. మూత్రం రాకపోయినా, ఆపుకోలేకపోయినా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా ఫిజియో అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఆ గంటలోనే కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.