రొయ్యల గుంటలో కాలు తెగితే ఏం చేయాలి?

నెల్లూరు తీరంలో ఇందుకూరుపేట, కోట ఊళ్ల వైపు రొయ్యల గుంటల్లో దిగేవాళ్లకి చేతికో కాలికో తెగడం మామూలే. రొయ్య కొమ్ము గుచ్చుకుంటుంది, లేదంటే అడుగున ఆలిచిప్ప కోస్తుంది. వెంటనే ఎవరో ఒకరు కాఫీపొడి డబ్బా పట్టుకొస్తారు. వద్దండీ. కాఫీపొడి, సున్నం, పసుపు ఏది అద్దినా ఆ మురికంతా గాయంలోనే ఉండిపోతుంది.

ముందు రక్తం ఆపండి. శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోండి. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూడొద్దు, చూస్తే అప్పుడే కడుతున్న గడ్డ కాస్తా ఊడొస్తుంది. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి వేయండి. అయినా ఆగకపోతే, లేదా రక్తం చిమ్ముతుంటే, అలాగే అదిమి పట్టుకుని ఆసుపత్రికి వెళ్లిపోండి.

రక్తం ఆగాక కడగాలి. అసలు వైద్యం ఇదే, మనం తొందరగా కానిచ్చేసేదీ ఇదే. గుంట నీళ్లతో కాదు, కుళాయి కింద పెట్టి మంచినీళ్లు ధారగా ఐదు నిమిషాలైనా పోనివ్వండి. సబ్బు చుట్టూ రుద్దండి, గాయం లోపల కాదు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే మంట పుట్టడమే కాదు, గాయాన్ని పూడ్చాల్సిన కణాలు కూడా చస్తాయి. నోరు తెరుచుకున్న గాయానికి కుట్లు కావాలి, ఆరేడు గంటల్లోపే వెళ్తే మంచిది. గుంటలో తెగింది మురికి గాయం కిందే లెక్క, కాబట్టి ధనుర్వాతం రాకుండా వేసే టీటీ సూది కిందటిసారి వేయించుకుని 5 ఏళ్లు దాటి ఉంటే మళ్లీ వేయించుకోండి.

తర్వాత కట్టు. గాలి తగిలితే ఆరుతుందని వదిలేస్తారు కదా, 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద చేసిన ప్రయోగంలో కప్పి ఉంచిన గాయాల మీదే కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. ఎండిన పక్కు ఉంటే కణాలు దాని కింద దారి వెతుక్కోవాలి, కట్టు కింద తడిగా ఉంటే ఆ ఇబ్బంది లేదు. పల్చగా వాజిలిన్ రాసి కట్టు కట్టి రోజూ మార్చండి.

మొదటి రెండు మూడు రోజులు కాస్త ఎరుపు, వాపు ఉంటాయి, తెల్లకణాలు లోపల శుభ్రం చేస్తున్నాయన్నమాట, టెన్షన్ పడక్కర్లేదు. ఆ తర్వాత ఎర్రటి కొత్త కండ పూడుతుంది. మూడు వారాలకి పైకి మానినట్టే ఉంటుంది గానీ అప్పటికి పాత చర్మం బలంలో ఐదో వంతే వస్తుంది. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని పథ్యం పెట్టే పెద్దలకి ఓ దండం పెట్టి, చేపల పులుసుతో సహా తినండి. కండ పూడటానికి మాంసకృత్తులే కావాలి.

ఒక్కదానికి మాత్రం భయపడాలి. వెచ్చటి ఉప్పునీళ్లలో విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా ఉంటుంది. చిన్న గాయమే అయినా భరించలేనంత నొప్పి, గంటగంటకీ పాకే ఎరుపు, నల్లబడే బొబ్బలు, జ్వరం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. కాలేయ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లయితే మరీ. డాక్టరు అడిగేదాకా చూడకుండా ఉప్పునీటి గుంటలో తెగిందని మీరే ముందు చెప్పండి, ఇచ్చే యాంటీబయాటిక్ దాన్నిబట్టి మారుతుంది.