మన్మోహన్ సింగ్ మీద ఐదు నిమిషాలు మాట్లాడాలంటే

ఒంగోలులో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. వక్తృత్వ పోటీలో మన్మోహన్ సింగ్ అంశం వస్తే చాలు, అందరూ 1932లో గాహ్ గ్రామంలో పుట్టారంటూ మొదలుపెడతారు. అలా వద్దు. నేరుగా ఆయన ఆర్థికమంత్రి అయిన 1991లోకి దూకండి.

అప్పుడు దేశం దగ్గరున్న విదేశీ మారకం కొన్ని వారాల దిగుమతులకే సరిపోయేది. బంగారం విదేశాలకు పంపి అప్పు తెచ్చారు. ఇంట్లో నగలు తాకట్టు పెట్టిన వాళ్లకు ఈ మాట వెంటనే ఎక్కుతుంది, కాబట్టి ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. జూలై మొదట్లో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. దీన్ని మన పొగాకుతో చెప్పండి: కొనేవాడు అవే డాలర్లు ఇచ్చినా ఎగుమతిదారుకు రూపాయలు ఎక్కువొస్తాయి. అవి వేలంలో రైతుదాకా వస్తాయా అన్నది వేరే గొడవ! జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం, బడ్జెట్ ఒకే రోజు వచ్చాయి. అప్పటి ప్రధాని పీవీ పేరు మాత్రం మర్చిపోవద్దు. ఆ అండ లేకుండా ఆర్థికమంత్రి ఒక్కరే ఏం చేయగలరు?

కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్, రిజర్వ్ బ్యాంకు గవర్నరు పదవి, వీటికి ఒక్క వాక్యం చాలు.

2004 నుంచి 2014 వరకు ప్రధానిగా చేసిన కాలానికి ఉపాధి హామీ పట్టుకోండి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. 2జీ స్పెక్ట్రమ్, బొగ్గు గనుల కేటాయింపులపై వచ్చిన ఆరోపణలు, 1999 లోక్‌సభ ఎన్నికల్లో దక్షిణ ఢిల్లీలో ఓటమి కూడా చెప్పాలి. పొగడ్తలే చదివితే నేనైతే మార్కులు వేయను.