కనెక్సిన్ 32 లోపం: మేనరికపు కుటుంబంలో వంశవృక్షం నుంచి జన్యుపరీక్ష దాకా

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఏ తెలుగింట్లోనైనా మగపిల్లలకి పదిహేను, ఇరవై ఏళ్లు వచ్చేసరికి పిక్కలు సన్నబడి, అరికాలు గొయ్యిలా వంగి, నడకలో పాదం వాలిపోతుంటే ముందు కుష్టు కాదని తేల్చుకోండి. స్పర్శ లేని మచ్చగానీ, మోచేతి దగ్గరో మోకాలి పక్కనో తాడులా తగిలే నరంగానీ ఉంటే అదే మొదటి అనుమానం. దానికి మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. అవేవీ లేకుండా ఇంట్లో ఇద్దరు ముగ్గురిది ఇదే వరసైతే షార్కో–మరీ–టూత్ జబ్బు (వంశపారంపర్యంగా నరాలు చెడే జబ్బు) వైపు చూడాలి.

అందులో ఒక రకం ఎక్స్ క్రోమోజోము మీది జీజేబీ1 జన్యువు వల్ల వస్తుంది. ఈ సంగతి 1993లో తేలింది. ఆ జన్యువు చేసే ప్రొటీనే కనెక్సిన్ 32. వెదురుబొంగు చుట్టూ చాపను బిగించి చుట్టినట్టు ష్వాన్ కణం నరపు పోగు చుట్టూ మైలిన్ అనే తొడుగు చుడుతుంది. కేంద్రకం ఉండేది బయటి చుట్టు దగ్గర. అక్కడి నుంచి లోపలి చుట్టుకు సరుకు చేరాలంటే చాపంతా తిరిగి రావాలి. కనెక్సిన్‌లు ఆరేసి కలిసి ఒక్కో అర గొట్టమవుతాయి. ఎదురెదురు అర గొట్టాలు అతుక్కుంటే చుట్టు నుంచి చుట్టుకు అడ్డదారి పడుతుంది. ఈ దారులు తొడుగులోని ష్మిట్–లాంటర్‌మన్ చీలికల్లోనూ, తొడుగు మధ్య మధ్య తెగే రాన్వియే కణుపుల పక్కనా ఉంటాయి. దాదాపు వెయ్యి డాల్టన్ల (అణువు బరువు కొలత) లోపు చిన్న అణువులే వీటిలో పడతాయి. దారి మూసుకుపోతే తొడుగుతో పాటు లోపలి పోగు కూడా దెబ్బతింటుంది. కాలివేళ్లకు వెళ్లే పొడవాటి నరాలే ముందు చెడతాయి. (కాలేయంలోనూ ఈ ప్రొటీన్ బోలెడుంటుంది, విచిత్రమేమిటంటే కాలేయానికి మాత్రం జబ్బు రాదు.)

ఇక కాగితం తియ్యండి. మూడు తరాలు గియ్యాలి: మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి సున్నా, జబ్బున్నవాళ్లకి లోపల నలుపు. జబ్బున్న తండ్రి నుంచి కూతుళ్లందరికీ జన్యువు వెళ్తుంది, కొడుకులెవరికీ వెళ్లదు. జన్యువు మోసే తల్లి నుంచి ఒక్కో బిడ్డకు సగం అవకాశం. కనుక తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్టు కనిపిస్తే జీజేబీ1 కాదని కొట్టేస్తారు. మన వైపు తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. జబ్బున్న మేనమామ అక్క కూతుర్ని చేసుకున్నాడనుకోండి. అతని తల్లి జన్యువు మోస్తుంటే అక్కకి సగం, ఆమె కూతురికి పావు వంతు అవకాశం. పుట్టిన కొడుక్కి జబ్బొస్తే అది తండ్రిది కాదు, తల్లి వైపు నుంచి వచ్చింది. అందుకే మేనరికం ఉన్నచోట రెండు గీతల బంధం గీసి, భార్య తల్లి వైపు కూడా వెనక్కి వెళ్లండి. పాతపట్నంలోనో బరంపురంలోనో ఇచ్చిన ఆడపిల్లల్ని వదలొద్దు.

ఆడవాళ్లు "నాకేం లేదు" అంటారు. నమ్మి ఊరుకోకండి. చెప్పులు జారిపోతున్నాయా, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కష్టమా అని అడగండి. మడమల మీద పది అడుగులు నడిపించండి, మడమ దగ్గర రిఫ్లెక్స్ చూడండి, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును బొటనవేలి ఎముక మీద పెట్టండి. వాళ్లలో జబ్బు తేలికగా, ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి అసలు కనబడదు.

నరాల వేగం పరీక్షలో చెయ్యి కనీసం 32 డిగ్రీలు, పాదం 30 డిగ్రీలు వెచ్చగా ఉండాలి. కొరాపుట్ కొండమీద పుష్యమాసపు చలిలో వచ్చినవాళ్లకి గోరువెచ్చని నీళ్లలో పెట్టి, తుడిచి చెయ్యాలి. చల్లబడ్డ ఒక్కో డిగ్రీకి సెకనుకు సుమారు రెండు మీటర్ల వేగం తగ్గిపోతుంది, లేని జబ్బు కనబడుతుంది. జబ్బున్న మగవాళ్లలో చేతి నరం వేగం సాధారణంగా సెకనుకు 25–45 మీటర్లు. నరానికో వేగం కనిపించొచ్చు. దాన్ని సీఐడీపీ (ఒంటి రక్షణ వ్యవస్థే నరాల తొడుగును దెబ్బతీసే జబ్బు) అనుకుని స్టిరాయిడ్లు మొదలుపెట్టడం తరచు జరిగే పొరపాటు. వంశవృక్షం పక్కనుంటే అది జరగదు.

నిజంగా తండ్రి నుంచి కొడుక్కి వెళ్లి, వేగం అన్ని నరాల్లో ఒకేలా బాగా తగ్గితే ముందు పీఎంపీ22 రెట్టింపు (ఇదే జబ్బు మరో రకానికి కారణమైన జన్యువు అదనపు నకలు) ఉందేమో చూడమనండి. లేకపోతే జీజేబీ1. రక్తం ఈడీటీఏ ఉన్న ఊదారంగు మూత గొట్టంలో 2–3 మిల్లీలీటర్లు చాలు. గడ్డకట్టకుండా ఎనిమిది పదిసార్లు మెల్లగా తిప్పండి, ఫ్రీజర్‌లో పెట్టొద్దు. ఫారంలో ఒక మాట తప్పక రాయండి: "ప్రొటీన్ రాసే భాగంతో పాటు ముందున్న ప్రమోటరు, అనువాదం కాని భాగం కూడా చూడాలి." ప్రమోటరంటే జన్యువును పనిలోకి దింపే మీట, అనువాదం కాని భాగమంటే ప్రొటీన్‌గా మారని ముక్క. ప్రొటీన్ రాసే భాగాల మీదే దృష్టి పెట్టే మామూలు ఎక్సోమ్ పరీక్షలో ఈ చోట్లు తరచు జారిపోతాయి. ఫలితం అర్థం తేలని మార్పు అని వస్తే, జబ్బున్న మరో బంధువు రక్తంలోనూ అదే మార్పుందా చూడాలి. ఒక్క రిపోర్టు మీద పెళ్లి సంబంధాల ముచ్చట తేల్చకండి.

జన్యువును సరిచేసే మందు లేదు. పాదం వాలకుండా స్ప్లింటు, రోజూ మడమ తాడు సాగదీసే కసరత్తు, కాళ్లు కాలకుండా జాగ్రత్త అవసరం. కొందరికి జ్వరం తర్వాతో, బాగా ఎత్తు కొండలకి వెళ్లొచ్చాకో మాట తడబడి, చేయి పడిపోయి, కొన్ని గంటల్లోనో రోజుల్లోనో తేరుకుంటారు. కేదారనాథ్ బయలుదేరేవాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఈ నరాలను ఉన్నపళంగా దెబ్బతీయగలదు. ఆ పేరు ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో రాసిపెట్టండి.