అమ్మమ్మ పుస్తకం ఎలా కూర్చాలి

మా అమ్మమ్మ 2022లో, తొంభై ఐదో ఏట పోయింది. దివిసీమలో ముప్పై ఏళ్ళకు పైగా చిన్న తరగతులకు పాఠాలు చెప్పింది. ఊళ్ళో ఆవిడను పేరుతో పిలిచేవాళ్ళే లేరు, అందరికీ పంతులమ్మ గారే. సంవత్సరీకానికి ఆవిడ జీవితాన్ని 48 పేజీల పుస్తకంగా వేసి బంధువులకూ శిష్యులకూ ఇచ్చాం. ఆ పనిలో నేను తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను. మీ పెద్దావిడ ఇంకా ఉంటే ఇవాళే ఆవిడ పక్కన కూర్చోండి. నేను ఆలస్యం చేశాను, ఆ బాధ నన్ను వదల్లేదు.

ముందు పుట్టిన ఏడు తేల్చుకోండి. ఆ తరంవాళ్ళకు తేదీ కంటే తెలుగు సంవత్సరమే గుర్తు. "ప్రభవలో, దసరా వెళ్ళిన నాలుగో రోజున పుట్టాను" అనేది అమ్మమ్మ. ప్రభవ 1927లో వచ్చింది, మళ్ళీ 1987లో వచ్చింది. అక్కణ్ణుంచి వరసగా లెక్కపెట్టుకోవచ్చు: యువ అంటే 1935, విక్రమ అంటే 1940. ఉగాదికి ఏడు మారుతుంది కాబట్టి, జనవరి నుంచి ఉగాది లోపు పుట్టినవాళ్ళకు అంకె ఒకటి పెంచుకోవాలి.

రిటైరైన తేదీ నుంచి వెనక్కి మాత్రం లెక్కపెట్టకండి. అమ్మమ్మ 1983 ఫిబ్రవరి 28న దిగిపోయింది. 58 తీసేసి 1925 అని రాసుకున్నాను, తప్పు. ఆ నెలలోనే మన రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గింది. 55 దాటినవాళ్ళందరూ ఆ ఒక్కరోజే ఇంటికి వెళ్ళారు. 1984లో అది మళ్ళీ 58 అయింది. మనవరాలిని ఎత్తుకోవడానికే ఉద్యోగం మానేసిందని చిన్నప్పటి నుంచీ అనుకున్నాను. ఆవిడ నా ఎదుట ఒక్కసారి కూడా కాదనలేదు.

ఇదంతా సర్వీసు రిజిస్టరు నకలులో దొరికింది. టీచర్ల ఇళ్ళలో బీరువా అడుగున, పెన్షన్ కాగితాల కింద వెతకండి. బదిలీలు, సెలవులు, ఇంక్రిమెంట్లు అన్నీ తేదీలతో ఉంటాయి. పాత సర్టిఫికెట్లు పుట్టింటి ఇంటిపేరుతో ఉండవచ్చు, రెండు ఇంటిపేర్లతోనూ చూడండి.

ఇక శిష్యులు. పుస్తకానికి ప్రాణం వాళ్ళ మాటలే. "పంతులమ్మ గారు ఎలాంటి మనిషి?" అని అడగకండి. "మహాతల్లి" అంటారు, కళ్ళు తుడుచుకుంటారు, అక్కడితో ఆగిపోతుంది. నేను మొదటి ఆరుగురినీ అలాగే అడిగాను, ఆరు పేజీల్లోనూ ఒకే మాట వచ్చింది. తర్వాత ప్రశ్న మార్చాను. మీరు క్లాసులో ఎక్కడ కూర్చునేవారు? పక్కన ఎవరు? ఏ లెక్కకు దెబ్బలు తిన్నారు? కూర్చున్న చోటు గుర్తొస్తే చాలు, మిగతాది దానంతటదే వస్తుంది.

ఏ సంవత్సరం అంటే ఎవరూ చెప్పలేరు. ఊరికి తెలిసిన సంగతితో ముడిపెట్టి అడగండి: కృష్ణా పుష్కరాలకు ముందా, తర్వాతా? ఒకాయన "నేను అణాల లెక్కలు నేర్చుకున్నాక పంతులమ్మ గారు అవన్నీ మర్చిపోమన్నారు" అన్నారు. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. రూపాయికి పదహారు అణాలు పోయి నూరు నయాపైసలు అయ్యాయి. అప్పటికి ఆయన మూడో తరగతి. అలా అమ్మమ్మ ఆ ఊళ్ళో ఉన్న ఏళ్ళు కూడా తేలాయి.

మా దగ్గర ఎవరి కథైనా చివరికి 1977 నవంబరు 19 దగ్గరికే వస్తుంది. ఆ శనివారం ఉప్పెన వచ్చింది. దాని గురించి అడగాలంటే నాకు భయమేసింది. చివరికి ఒకావిడను, "మళ్ళీ బడి తెరిచిన రోజు అమ్మమ్మ ఏం చేసింది?" అని మాత్రం అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు: ఆ రోజు హాజరు పిలవలేదట. పలకల్లేవు, పుస్తకాల్లేవు. ఉన్న పిల్లలందరినీ చెట్టు కింద వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చెయ్యీ ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు కత్తిరించారట. మధ్యాహ్నం దాకా అదే పని. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అలాంటప్పుడు వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. ఫోన్‌లో రికార్డింగ్ నడవనివ్వండి (ముందే అడిగి పెట్టాలి). ఆ రాత్రే, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. "అన్నారంట", "ఏందమ్మా" లాంటివి దిద్దవద్దు.

ఫొటోల సంగతి క్లుప్తంగా: అద్దానికి అతుక్కున్నవాటిని పీకకండి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా అద్దం మీదనుంచే తీయండి. వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి. పాత ఉత్తరాలను లామినేషన్ చేయించకండి.

అచ్చుకు ఇచ్చే ముందు, చెప్పినవాళ్ళకు వాళ్ళ పేజీ చదివి వినిపించండి. గోళ్ళ సంగతి చెప్పినావిడ తన పేరు తీసేయమన్నారు, తీసేశాం.

పుస్తకం చివర నాలుగు తెల్ల పేజీలు వదలండి. సంవత్సరీకం రోజు ఒక పెద్దాయన తన ప్రతిని చంకలో పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా భోజనం చేసి వెళ్ళిపోయారు. మూడో రోజు పొద్దున్నే వచ్చి ఆ పుస్తకం నా చేతిలో పెట్టారు. నాలుగు పేజీలూ నిండిపోయాయి, అంచుల్లో కూడా రాశారు.