తెలుగు పుస్తకంలో ఇంగ్లీష్ పదాలన్నిటికీ ఒకేసారి గారమండ్ ఫాంట్

హనుమకొండలో కాకతీయ యూనివర్సిటీ థీసిస్‌లు గానీ, కవితా సంకలనాలు గానీ కంపోజ్ చేసేవాళ్లకు ఈ బాధ తెలిసిందే: తెలుగు మధ్యలో వచ్చే ప్రతి ఇంగ్లీష్ పదాన్నీ సెలెక్ట్ చేసి ఫాంట్ మార్చాలి. లిబ్రెఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని రైటర్‌లో ఆ పని ఒక్కసారి చేస్తే చాలు.

టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (సీటీఎల్, తెలుగు లాంటి లిపుల కోసం)కు టిక్ పెట్టండి. తర్వాత ఎఫ్11 నొక్కి, మీరు వాడే పేరాగ్రాఫ్ స్టైల్‌ను ఎడిట్ చేస్తే ఫాంట్ ట్యాబ్‌లో వెస్టర్న్‌కు, సీటీఎల్‌కు వేర్వేరు గడులు కనిపిస్తాయి. సీటీఎల్‌లో మీ తెలుగు ఫాంట్ 12 పాయింట్లు, వెస్టర్న్‌లో ఈబీ గారమండ్ 13 పెట్టండి. 16వ శతాబ్దంలో పారిస్‌లో క్లాడ్ గారమండ్ చెక్కిన అక్షరాల ఆధారంగా చేసిన ఫాంట్ ఇది, ఉచితం, పుస్తకానికి ఎంతో నిండుగా ఉంటుంది. దీని చిన్నక్షరాలు కాస్త పొట్టి, అందుకే ఒక పాయింట్ ఎక్కువ. లైన్ స్పేసింగ్ ఫిక్స్‌డ్ 20 పాయింట్లు పెడితే వరుసలు ఎగుడుదిగుడు కావు, కింది వత్తులూ తెగవు. వేరేచోటి నుంచి పేస్ట్ చేసిన మ్యాటర్ మారకపోతే దాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్ ఎం కొట్టండి, దానికి విడిగా పెట్టిన ఫార్మాటింగ్ పోయి స్టైల్ వర్తిస్తుంది.

అయితే మ్యాటర్ యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతిలో ఉండాలి. ఇంగ్లీష్ అక్షరాల కోడ్‌లకే తెలుగు ఆకారాలు తగిలించిన పాత అను ఫాంట్లలో కొట్టినదైతే సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా ఇంగ్లీషే అనుకుంటుంది, పేజీ మొత్తం పిచ్చి గీతలైపోతుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి.