పెత్తనం మానని మనిషితో నెగ్గుకురావడం

బరంపురంలో బస్సెక్కి ఇచ్ఛాపురం పుట్టింటికి బయల్దేరిన కోడలికి అత్తగారింటి నుంచి వరసగా ఆరు ఫోన్లు. ఎక్కావా, ఎక్కడున్నావు, పక్కన ఎవరు? అయిదు వదిలేసి ఆరోదానికి సంజాయిషీ ఇచ్చుకుంటే, ఆరుసార్లు చేస్తే పనవుతుందని మనమే నేర్పినట్టు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే.

బయల్దేరే ముందే చెప్పేయండి: "ఎక్కగానే ఒకసారి, దిగాక ఒకసారి చేస్తాను. మధ్యలో ఎత్తను." ఆ రెండూ తప్పకుండా చేయండి, మధ్యలో ఒక్కటీ ఎత్తకండి. మొదట్లో ఫోన్లు తగ్గవు సరికదా, పెరుగుతాయి. అలకలు, అన్నం మానేయడం, పెద్దవాళ్లతో చెప్పించడం మొదలవుతాయి. పాత పాచిక పారడం లేదని గట్టిగా విసరడమే అది. అప్పుడు సడలితే మొదటికే మోసం. అందుకే ఒక్క విషయమే పట్టుకోండి. ఫోనూ, డబ్బూ, వంటా ఒకేసారి వద్దు. కారణాలు కూడా చెప్పొద్దు, చెప్పిన ప్రతి కారణానికీ ఒక అడ్డు సిద్ధంగా ఉంటుంది.

ఈ స్వభావం ముదిరితే అబ్సెసివ్ కంపల్సివ్ పర్సనాలిటీ డిజార్డర్, అంటే అన్నీ తన పద్ధతిలోనే జరగాలనే వ్యక్తిత్వ సమస్య కావచ్చు. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) వేరు. అందులో వద్దన్నా వచ్చే ఆలోచనలు మనిషిని తనకే బాధ పెడతాయి, ఇందులో తన పద్ధతే సరైనదనిపిస్తుంది. కాబట్టి "నీకు జబ్బు" అంటే డాక్టరు దగ్గరికి రారు. నిద్ర పట్టడం లేదని వాళ్లే అన్నరోజున ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 చెప్పండి, తెలుగులోనూ మాట్లాడతారు.

చెయ్యి చేసుకుంటారన్న భయం ఉంటే పైదంతా పనికిరాదు, ఎదురు నిలవకండి. మీ మెసేజీలు ఇంకెవరైనా చూస్తున్నారేమో, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి, అది ఇంకెక్కడ తెరిచి ఉందో అందులో కనిపిస్తుంది. తెలియని కంప్యూటరుంటే వెంటనే తీసేయకండి, అవతలివాళ్లకు తెలిసిపోతుంది. ముఖ్యమైన మాటలు వేరే ఫోన్లో మాట్లాడుకోండి. ఒడిశా ప్రభుత్వం మహిళలకిచ్చే సుభద్ర పథకం డబ్బు, ఏటా 10,000 రూపాయలు, మీ ఖాతాలోనే పడుతుంది కానీ మెసేజీ, ఏటీఎం కార్డు ఎవరి చేతిలో ఉన్నాయి? పాస్‌బుక్, ఆధార్ తీసుకుని బ్యాంకు బ్రాంచికెళ్లి ఫోను నంబరు మార్పించుకోండి.

ఖర్చులకు డబ్బివ్వకుండా కట్టడి చేయడం కూడా 2005 గృహహింస చట్టం కింద హింసే. కాపురం బరంపురంలో ఉన్నా, తాత్కాలికంగా పుట్టింట్లో ఉంటే అక్కడి మేజిస్ట్రేటు దగ్గరే దరఖాస్తు పెట్టుకోవచ్చని 27వ సెక్షను. ఆ ఉత్తర్వు దేశమంతా చెల్లుతుంది. ఒడియా చదవడం రాకపోతే, ఎవరు తొందరపెట్టినా చదివించుకోకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఆధార్, పాస్‌బుక్, పిల్లల జనన పత్రాల నకళ్లు ముందే పుట్టింటికి చేర్చండి. ప్రమాదం ముంచుకొస్తే 112, సలహాకు మహిళా హెల్ప్‌లైన్ 181.