నాఫ్తా నుంచి గ్యాస్‌కి: అమ్మోనియా ప్లాంట్ మార్చేటప్పుడు ఏది ముందు చూడాలి

అమ్మోనియా ప్లాంట్‌కి నాఫ్తా (పెట్రోలియం నుంచి వచ్చే తేలికపాటి ద్రవం) ఆపేసి నేచురల్ గ్యాస్ ఇస్తే చాలు ఖర్చూ తగ్గుతుంది పొగా తగ్గుతుంది అనుకుని చాలామంది నేరుగా పైపు సైజుల దగ్గర మొదలుపెడతారు, అలా కాదండీ, ముందు మెటీరియల్ బ్యాలెన్స్, అంటే ఏది ఎంత లోపలికెళ్ళి ఎంత బయటికొస్తుందో ఆ లెక్క, మళ్ళీ మొదట్నుంచి వేయండి. నాఫ్తాలో ఒక్కో కార్బన్‌కి హైడ్రోజన్లు రెండూ చిల్లర, నేచురల్ గ్యాస్‌లో ముఖ్యంగా ఉండే మీథేన్‌లో నాలుగు. అమ్మోనియాకి కావాల్సింది హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌గా బయటికొచ్చేది కార్బన్, అందుకే అంతే అమ్మోనియాకి కార్బన్ డయాక్సైడ్ తక్కువొస్తుంది. గాలికి మంచిదే, కానీ పక్కన యూరియా ప్లాంట్ ఉంటే దానికి అదే ముడిసరుకు కదా! 2 మోల్స్ అమ్మోనియా చేస్తే మీథేన్ నుంచి సుమారు 0.88 మోల్ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఆ అమ్మోనియా అంతా యూరియా అవ్వాలంటే 1 మోల్ కావాలి. దాదాపు ఎనిమిదో వంతు లోటు. ఆ లోటుని రిఫార్మర్ (ముడిసరుకునీ ఆవిరినీ కేటలిస్ట్ ట్యూబుల్లో వేడిచేసి హైడ్రోజన్ తీసే కొలిమి) ఫ్లూ గ్యాస్ నుంచి, అంటే దాని పొగ నుంచి, అమీన్ అనే ద్రావణంతో పట్టుకుంటారా, మిగిలిన అమ్మోనియా అమ్ముకుంటారా, ఇది డబ్బులు పెట్టకముందే తేల్చుకోవాలి.

తర్వాత రిఫార్మర్. నాఫ్తా కేటలిస్ట్‌లో కార్బన్ పేరుకోకుండా పొటాష్ (పొటాషియం సమ్మేళనం) ఎక్కువ వేస్తారు, దాని మీద గ్యాస్ నడుస్తుంది గానీ యాక్టివిటీ తక్కువ, కాబట్టి కేటలిస్ట్ మార్చే షట్‌డౌన్‌లోనే ఈ పని కూడా పెట్టుకోండి. కానీ గ్యాస్ కేటలిస్ట్ వేశాక మళ్ళీ నాఫ్తా పంపితే ట్యూబుల్లో కార్బన్ పట్టి ఎర్రటి మచ్చలు తేలతాయి, నాఫ్తా బ్యాకప్‌గా ఉండాలనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. స్టీమ్-కార్బన్ రేషియో (కార్బన్‌కి ఎంత ఆవిరి వెళ్తోందో ఆ నిష్పత్తి) పడిపోతే ప్లాంట్‌ని ఆపే ట్రిప్ కూడా గ్యాస్ కాంపోజిషన్ చూసి కొత్తగా లెక్కేయాలి, నాఫ్తాకి పెట్టిన పాత ఫ్యాక్టర్ అలాగే వదిలేస్తే స్క్రీన్ మీద 3 కనిపిస్తుంది, ట్యూబ్‌లో ఎంతుందో ఎవరికీ తెలీదు.

గ్యాస్‌లో సల్ఫర్ తక్కువే కదా అని డీసల్ఫరైజర్ (సల్ఫర్ తీసే యూనిట్) బైపాస్ చేయకండి. వాసన కోసం కలిపే మెర్కాప్టాన్ అనే సల్ఫర్ పదార్థం కూడా రిఫార్మర్ కేటలిస్ట్‌లోని నికెల్‌కి విషమే, సల్ఫర్‌ని పట్టే జింక్ ఆక్సైడ్ బెడ్ దాటాక సల్ఫర్ 0.1 పీపీఎం లోపే ఉండాలి.

నాఫ్తా ద్రవం కాబట్టి పంపు సరిపోయేది, గ్యాస్ ప్రెషర్ తక్కువైతే కంప్రెసర్ కావాలి, ఆ కరెంటు ఖర్చు ఆదాలోంచి తీసేయండి.

గ్యాస్ డిటెక్టర్ల సంగతి చాలామంది మర్చిపోతారు, నాకు అన్నిటికన్నా భయం అదే. నాఫ్తా ఆవిరి గాలికన్నా బరువు, గుంటల్లో చేరుతుంది, మీథేన్ తేలిక, కప్పు కింద పోగవుతుంది. పైన కొత్త డిటెక్టర్లు పెట్టి కాలిబ్రేషన్ అయ్యాకే గ్యాస్ లోపలికి వదలండి, నాఫ్తా ట్యాంకులు, లైన్లు ఖాళీ చేసి నైట్రోజన్‌తో పర్జ్ చేసి (లోపలి ఆవిరి బయటికి తోసేసి) లైన్లని మూసే బ్లైండ్లు వేసేదాకా కిందవి మాత్రం తీయొద్దు.